దుబాయ్‌లో తొలి ఏడాది ఎక్కడ ఉండాలి: కంపెనీ రూమా, బెడ్ స్పేసా, సొంత ఫ్లాటా, షార్జాయా?

ఆఫర్ లెటర్ చేతికి రాగానే అందరూ అడిగేది "అక్కడ రూము అద్దె ఎంత?" అని. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: "ఒకసారి దిగితే ఎన్నాళ్లకు బయటపడగలను?" యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు. ఆ కాలంలో 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పి కంపెనీ మనిషిని తీసేయొచ్చు. ఫ్లాటు అగ్రిమెంటు మాత్రం ఏడాదిది. అద్దె నెలనెలా కట్టేది కాదు, తేదీలు వేసి ముందే రాసిచ్చిన చెక్కుల్లో ఉంటుంది. ఉద్యోగం రెండు వారాల్లో పోవచ్చు, చెక్కులు మాత్రం పన్నెండు నెలలు వెంటాడతాయి. అందుకే ఈ పోలికలో అద్దెకు ఎంత బరువు ఇచ్చామో, వదిలించుకోవడం ఎంత తేలికన్నదానికీ అంతే ఇచ్చాం.

ఇంకో సంగతి, దిగిన వారంలో ఫ్లాటు తీసుకుందామన్నా కుదరదు. కాగితాలకు ఒక వరస ఉంది. ఎంట్రీ పర్మిట్ మీద దిగుతారు, మెడికల్ అవుతుంది, వేలిముద్రలు ఇస్తారు, తర్వాత ఎమిరేట్స్ ఐడీ వస్తుంది. మనవాళ్లు బతాకా అనేది దాన్నే. అది ఉంటే బ్యాంకు ఖాతా, ఖాతా ఉంటే చెక్కుబుక్కు, చెక్కుబుక్కు ఉంటే అగ్రిమెంటు. అగ్రిమెంటును ఇజారీలో, అంటే దుబాయ్ ప్రభుత్వం అద్దె ఒప్పందాలు నమోదు చేసే వ్యవస్థలో, రిజిస్టర్ చేస్తేనే కరెంటు, నీళ్ల కనెక్షన్. ఈ గొలుసు పూర్తయ్యేసరికి వారాలు గడుస్తాయి, ఒక్కోసారి నెల దాటుతుంది. ఈ మధ్యకాలానికి కంపెనీ హోటల్ ఇస్తుందో, రూము ఇస్తుందో, ఏమీ ఇవ్వదో విమానం ఎక్కకముందే మెయిల్లో రాయించుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు ఎయిర్‌పోర్టు బయట విలువ ఉండదు.

కంపెనీ రూము

యాభై మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న కంపెనీ, నెలకు 1,500 దిర్హమ్‌ల లోపు జీతం ఉన్నవాళ్లకు వసతి ఇచ్చి తీరాలి. అంతకంటే ఎక్కువ జీతమైతే వసతి ఇవ్వడమా, హౌసింగ్ అలవెన్స్ ఇవ్వడమా అన్నది కాంట్రాక్టును బట్టి ఉంటుంది. సోనాపూర్ అని పిలిచే ముహైస్నా, అల్ కూజ్, జబల్ అలీ, షార్జా సజా వైపు ఉన్న క్యాంపుల్లో అద్దె, కరెంటు, నీళ్లు, డ్యూటీకి బస్సు అన్నీ కంపెనీవే. చేతిలో మిగిలే డబ్బు పరంగా దీన్ని కొట్టేది లేదు. జీతం తక్కువగా ఉండి, రెండేళ్లలో ఊళ్లో అప్పు తీర్చడమే పని అయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

దూరమే దీని లోపం. డ్యూటీ ఎనిమిది గంటలే అయినా బస్సు ఎక్కి దిగేసరికి పన్నెండు గంటలవుతుంది. సాయంత్రం ఏదైనా కోర్సు చేద్దామన్నా, వేరే ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్దామన్నా క్యాంపు నుంచి కష్టం.

"రూము వద్దు, అలవెన్స్ ఇవ్వండి" అనేముందు ఆఫర్ లెటర్‌లో బేసిక్ ఎంతో చూడండి. గ్రాట్యుటీ లెక్కించేది బేసిక్ మీదే, మొత్తం జీతం మీద కాదు. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ వస్తుంది. మొత్తం 3,000లో బేసిక్ 1,800, హౌసింగ్ 1,200 అని విడగొడితే ఏడాదికి గ్రాట్యుటీ 1,260 దిర్హమ్‌లు. అదే 3,000 అంతా బేసిక్ అయి, రూము విడిగా ఇస్తే 2,100. మూడేళ్లకు తేడా 2,520. అలవెన్స్ పెద్దదిగా కనబడటానికి బేసిక్ కోసి అందులో కలపడం చాలా ఆఫర్లలో జరిగేదే. రెండు ఆఫర్లు చేతిలో ఉంటే ముందు ఈ గీత దగ్గర ఆగి చూడాలి.

ఊరివాళ్ల రూము, బెడ్ స్పేస్

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి మొదటి రాత్రి ఊరివాళ్ల రూములోనే గడుస్తుంది. మంచిదే. కాకపోతే మొదటి రోజే మెస్ వాటా, బెడ్ వాటా ఎంతో అడిగి కట్టడం మొదలుపెట్టండి. "తర్వాత చూద్దాంలే తమ్మీ" అన్న మాట మొహమాటానికి చెప్పేది. మూడో నెలలో అదే మాట గొడవకు మూలమవుతుంది.

తెలిసినవాళ్లు లేకపోతే బెడ్ స్పేస్, అంటే పదిమంది ఉండే గదిలో ఒక మంచం అద్దెకు. డేరా, బర్ దుబాయ్, కరామా, సత్వా, అల్ కుసైస్, ఇంటర్నేషనల్ సిటీలో దొరుకుతుంది. నెలకింత అని ఒకే మొత్తం, అందులోనే కరెంటు, నీళ్లు, వైఫై, గ్యాస్. ఏసీ ఎంతసేపు తిరిగినా బిల్లు మీది కాదు. చిన్న అడ్వాన్సు, నెల నోటీసు, అంతే. తొలి మూడు నెలలకు ఇంతకంటే తెలివైన ఎంపిక లేదన్నది మా అభిప్రాయం. సుఖంగా ఉంటుందని కాదు, నచ్చకపోతే నెలాఖరుకు సంచి సర్దుకోవచ్చని.

చూడటానికి వెళ్లినప్పుడు పగలు కాదు, రాత్రి తొమ్మిది దాటాక వెళ్లండి. అందరూ డ్యూటీ నుంచి వచ్చి ఉంటారు. ఎంతమంది ఉన్నారో, బాత్రూమ్ ముందు ఎంత వరస ఉందో, పొయ్యి దగ్గర ఎవరి వంతు ఎప్పుడో అప్పుడే తెలుస్తుంది. ఒక బాత్రూమ్‌కు ఆరుగురు దాటితే, అందరిదీ ఉదయం షిఫ్టే అయితే రోజూ ఆలస్యమే. షిఫ్టులు వేరైతే అదే బాత్రూమ్ ఎనిమిది మందికైనా సరిపోతుంది, కానీ నైట్ షిఫ్టు మనిషి పగలు నిద్రపోవాలి, మీరు లైటు వేయకూడదు. అది కూడా అడిగి తెలుసుకోండి.

ఇక నల్లులు. బెడ్ స్పేస్ తీసుకున్నవాళ్లు వదిలేసి పోవడానికి అద్దె కంటే పెద్ద కారణం ఇదే. మంచం చూపించగానే పరుపు ఒక మూల ఎత్తండి. ఫోన్ టార్చ్ వేసి పరుపు అంచు కుట్టు వెంబడి వేలుతో విప్పుకుంటూ చూడండి. గుండుసూది తలంత నల్లచుక్కలు, ఎండిన ఉల్లిపొర లాంటి పొట్టు కనిపిస్తే ఉన్నట్టే. తర్వాత మంచం బోల్టు రంధ్రాలు, చెక్క పలకల కీళ్లు, గోడకు ఆనిన వైపు చూడండి. గది అంతా పాతదై ఒక్క మంచానికే కొత్త పెయింట్ ఉంటే అనుమానించండి. ఇనుప మంచమైతే దాక్కునే చోటు తక్కువ, చెక్కదైతే ఎక్కువ. తీసుకున్నాక మొదటి రోజు సూట్‌కేసు మంచం మీద పెట్టొద్దు. బట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే నల్లులూ వాటి గుడ్లూ చస్తాయి, చల్లనీళ్లకు చావవు.

పై బెడ్ చవక. ఏసీ గాలి నేరుగా తల మీద పడితే మాత్రం రెండు వారాల్లో మెడ పట్టేస్తుంది, చవక కాస్తా మందులకు పోతుంది. కింది బెడ్, సొంత ప్లగ్గు, తాళం పడే అల్మారా ఈ మూడింటికి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

డబ్బు ఇచ్చేటప్పుడు ఎదుట ఉన్నది ఎవరో తేల్చుకోవాలి. చాలాసార్లు ఆయన ఓనరు కాడు, ఫ్లాటు తన పేరున తీసుకుని బెడ్లు నింపే మనిషి. దుబాయ్ అద్దె చట్టం ప్రకారం ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా కిరాయిదారు మళ్లీ కిరాయికి ఇవ్వకూడదు. అనుమతి లేదంటే ఓనరు ఏ రోజైనా ఖాళీ చేయించొచ్చు, మీ అడ్వాన్సు మధ్యవాడి జేబులో ఉండిపోతుంది. ఇజారీ కాపీ చూపించమనండి, అందులోని పేరు, ఆయన ఎమిరేట్స్ ఐడీలోని పేరు ఒకటేనా చూడండి. రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనంటే కనీసం బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసి, ఏ నెల అద్దె, ఎంత అడ్వాన్సు అని వాట్సాప్‌లో రాసి "ఓకే" అనిపించుకోండి.

పార్టిషన్: వద్దు

హాలును జిప్సం బోర్డుతో ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు తలుపు పెట్టి అద్దెకిస్తారు. బెడ్ స్పేస్‌లో లేని ఏకాంతం దొరుకుతుంది, సొంత గది కంటే చవక. అందుకే గిరాకీ. అనుమతి లేని పార్టిషన్లు చట్టవిరుద్ధం. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ అల్ రిగ్గా, మురక్కబాత్, బర్షా, సత్వా, రఫ్ఫా ప్రాంతాల్లో వీటి మీద గట్టిగా తనిఖీలు చేసింది. తనిఖీ వచ్చిందంటే బోర్డులు పీకేస్తారు, ఆ రాత్రి సామానుతో వీధిలో ఉండేది మీరు.

చట్టం సంగతి పక్కన పెట్టినా చాలా ముక్కలకు కిటికీ ఉండదు. బిల్డింగ్ ఏసీ, పొగ గుర్తించే పరికరం హాలు మొత్తానికి కలిపి పెట్టినవి. గోడలు అడ్డం పడ్డాక ఒక ముక్క గడ్డకడుతుంది, ఇంకోటి ఉడుకుతుంది, పొగ వస్తే మోగాల్సిన చోట మోగదు. 2023 ఏప్రిల్‌లో డేరా అల్ రాస్‌లో ఒక అపార్ట్‌మెంటులో మంటలు లేచి 16 మంది చనిపోయారు. ఏ గదైనా సరే, తలుపు నుంచి మెట్ల దాకా చీకట్లో తడుముకుంటూ వెళ్లగలరా అని ఒకసారి నడిచి చూసుకోండి.

ఏకాంతమే కావాలంటే మామూలు టూ బెడ్రూమ్ ఫ్లాటులో అసలు గోడలున్న గదిని ఇద్దరు కలిసి తీసుకోండి. అద్దె చెరిసగం పంచుకుంటే పార్టిషన్‌కు అటూ ఇటూగానే పడుతుంది. 2022 నుంచి ఫ్లాటులో ఉండేవాళ్లందరినీ దుబాయ్ భూముల శాఖ వారి దుబాయ్ రెస్ట్ యాప్‌లో సహ నివాసులుగా నమోదు చేయాలన్న నిబంధన ఉంది. ఇజారీ ఉన్న మనిషి మీ పేరు అందులో చేర్చడానికి సరేనంటే నమ్మదగ్గ మనిషి. తప్పించుకుంటే కారణం ఏదో ఉంది.

సొంత ఇజారీ: చేతిలో ఎంత ఉండాలి

ప్రొబేషన్ దాటి, కుటుంబాన్ని తెచ్చుకోవాలనుకుంటే ఇక ఫ్లాటే. ప్రకటనలో కనిపించే అంకె ఏడాది అద్దె. లెక్క అర్థం కావడానికి ఏడాదికి 45,000 దిర్హమ్‌ల స్టూడియో (ఒకే గది ఫ్లాటు), నాలుగు చెక్కులు అనుకుందాం.

మొదటి చెక్కు 11,250. ఏజెంటు కమిషన్ సాధారణంగా 5 శాతం, దాని మీద 5 శాతం వ్యాట్, కలిపి 2,362. సెక్యూరిటీ డిపాజిట్ ఫర్నిచర్ లేకపోతే 5 శాతం, అంటే 2,250. ఫర్నిచర్ ఉంటే 10 శాతం అడుగుతారు. ఇజారీ రిజిస్ట్రేషన్‌కు టైపింగ్ సెంటర్‌లో 220 దాకా. కరెంటు, నీళ్లు ఇచ్చే దేవాకు ఫ్లాటుకైతే 2,000 డిపాజిట్, కనెక్షన్ రుసుము నూట ముప్పై చిల్లర. మొత్తం 18,200 పైన. ఇందులో మంచం లేదు, పొయ్యి లేదు, కర్టెన్ లేదు. "నెలకు 3,750 కదా, రెండు నెలల జీతం దాచుకుంటే చాలు" అనుకుని దిగినవాళ్లు ఇక్కడే క్రెడిట్ కార్డుకు దొరికిపోతారు.

తర్వాత ప్రతి నెలా దేవా బిల్లులో హౌసింగ్ ఫీజు కలిసి వస్తుంది. ఏడాది అద్దెలో 5 శాతాన్ని పన్నెండుతో భాగించి వేస్తారు; ఈ లెక్కలో నెలకు 187. బిల్లు చూసి "ఇంత కరెంటు ఎప్పుడు వాడాం" అని కొత్తవాళ్లు కంగారుపడేది దీని గురించే. కరెంటు యూనిట్‌కు మొదటి 2,000 యూనిట్ల దాకా 23 ఫిల్స్, దాని మీద ఇంధన సర్‌ఛార్జి, వ్యాట్.

ఏసీ గురించి ఏజెంటును సూటిగా అడగండి: "చిల్లర్ ఫ్రీనా?" అంటే ఏసీ చల్లదనం బిల్లు ఓనరే కడతాడా అని. కొన్ని బిల్డింగుల్లో చల్లదనం బయటి కంపెనీ నుంచి పైపుల్లో వస్తుంది, దానికి వేరే ఖాతా, వేరే డిపాజిట్, వేరే బిల్లు. మీరు వాడకపోయినా నెలనెలా స్థిర చార్జీ పడుతుంది. చిల్లర్ బిల్లు ఉన్న 42,000 ఫ్లాటు కంటే చిల్లర్ ఫ్రీ 45,000 ఫ్లాటు చాలాసార్లు చవకే.

చెక్కులు ఎన్ని ఎక్కువైతే మీకు అంత మంచిది, ఓనర్లు మాత్రం తక్కువ చెక్కులకే అద్దె తగ్గిస్తారు. తొలి ఏడాది ఆ తగ్గింపుకు ఆశపడి ఒకే చెక్కు ఇవ్వకండి. 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే మామూలుగా క్రిమినల్ కేసు కాదు. కానీ చెక్కు పట్టుకుని నేరుగా అమలు కోర్టుకు వెళ్లొచ్చు, ఖాతా స్తంభించవచ్చు, ప్రయాణ నిషేధం పడొచ్చు. సంతకానికి ముందే అగ్రిమెంటులో ఒక వాక్యం చేర్చమనండి: ఉద్యోగం పోతే ఇన్ని నెలల నోటీసు, ఇంత పరిహారంతో ఖాళీ చేయవచ్చు అని. రెండు నెలల అద్దె పరిహారం అనడం మామూలే. ఆ వాక్యం లేకపోతే మధ్యలో వదలడం పూర్తిగా ఓనరు దయ.

ఏజెంటు నిజమైనవాడేనా అన్నది దుబాయ్ రెస్ట్ యాప్‌లో బ్రోకర్ నంబరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. ఫ్లాటు చూడకముందే "టోకెన్ పంపండి, ఇంకో పార్టీ రెడీగా ఉంది" అన్నవాడి నంబరు బ్లాక్ చేయండి.

షార్జా తేలికా, బరువా

అద్దె తక్కువని షార్జా, అజ్మాన్ వైపు చూడటం మనవాళ్లలో మామూలు. ఒంటరి మనిషి, పని దుబాయ్‌లో అయితే లెక్క వేద్దాం. షార్జాలో ఏడాదికి 30,000 అనుకుంటే నెలకు 2,500. దుబాయ్ స్టూడియో కంటే 1,250 తక్కువ. యూనియన్ మెట్రో నుంచి షార్జా జుబైల్ స్టేషన్‌కు వెళ్లే ఈ303 బస్సు ఒక ట్రిప్పుకు 12 దిర్హమ్‌లు అనుకుందాం. రానూపోనూ, నెలకు 26 రోజులు, 624. దిగాక మెట్రో రెండు జోన్లకు 5 చొప్పున ఇంకో 260. మొత్తం 884. దుబాయ్‌లోనే ఉంటే రెండు జోన్ల నెల పాసు 230. అంటే ప్రయాణానికే 650 దాకా ఎక్కువ. మిగిలేది నెలకు 600. దానికి అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజుకు అదనంగా రెండు గంటలు, నెలకు 52 గంటలు. గంటకు పదకొండు, పన్నెండు దిర్హమ్‌లకు మీ నిద్ర అమ్ముకుంటున్నట్టు. కారుంటే బస్సు బదులు సాలిక్ (రోడ్డు టోల్) గేటు రద్దీ వేళల్లో 6 దిర్హమ్‌లు, పెట్రోలు, ఆఫీసు దగ్గర పార్కింగ్ కలుపుకోండి.

కుటుంబంతో ఉంటే లెక్క మారుతుంది. వన్ బెడ్రూమ్, టూ బెడ్రూమ్ ఇళ్లకు అద్దె తేడా పెద్దది, రోజూ రోడ్డెక్కేది ఒక్కరే. పిల్లల బడి కూడా షార్జాలోనే ఉంటే అది నిజంగా ఆదా. పైగా 2024లో వచ్చిన షార్జా అద్దె చట్టం ప్రకారం అగ్రిమెంటు మొదలైన మూడేళ్ల దాకా ఓనరు అద్దె పెంచలేడు. దుబాయ్‌లో రేరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) అద్దె సూచీ అనుమతిస్తే 90 రోజుల ముందు చెప్పి రెన్యువల్‌లో పెంచవచ్చు. అన్నట్టు, షార్జా బడులకు శుక్ర, శని, ఆదివారాలు సెలవు. దుబాయ్‌లో పనిచేసే నాన్నకు శుక్రవారం డ్యూటీ, పిల్లలు ఇంట్లో. మద్యం షార్జాలో పూర్తిగా నిషేధం. కుటుంబాల ప్రాంతాల్లో బ్యాచిలర్లను ఉండనివ్వరు, కాబట్టి నలుగురు కుర్రాళ్లు కలిసి ఫ్లాటు తీసుకునే ముందు ఆ బిల్డింగ్‌కు అనుమతి ఉందో లేదో అడగాలి.

ఉద్యోగం కుసైస్, ముహైస్నా, నహ్దా వైపైతే షార్జా నహ్దా బాగానే పనికొస్తుంది, సరిహద్దు దాటితే ఆఫీసే. జబల్ అలీలో పని, షార్జాలో ఇల్లు అన్నది మాత్రం ఎవరికీ చెప్పం.

కుటుంబ వీసాకు జీతం కనీసం 4,000, లేదా 3,000తో పాటు కంపెనీ వసతి ఉండాలి. రిజిస్టర్ అయిన అద్దె కాంట్రాక్టు తప్పనిసరి. బెడ్ స్పేస్ రసీదు దీనికి చెల్లదు. వేరే ఎమిరేట్‌లో ఇల్లు తీసుకుంటుంటే చెక్కు ఇవ్వకముందే ఆమెర్ సెంటర్‌లో (దుబాయ్ వీసా సేవల కేంద్రం) కాగితం చూపించి అడగండి. పెళ్లి సర్టిఫికెట్ మీద రాష్ట్ర ప్రభుత్వం, మన విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం ముద్రలు ఇండియాలోనే వేయించుకుని వెళ్లండి. సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఇంకోలా ఉండటం మన దగ్గర మామూలు, అక్కడ అదే ఆపేస్తుంది. దిద్దుబాటు ఊళ్లో ఉండగానే అవ్వాలి.

తాళం చేతికొచ్చిన రోజు ఖాళీ ఇల్లంతా వీడియో తీయండి: గోడల మేకు గుంటలు, సింకు కింద తడి, ఏసీ జల్లెడ, వంటగది అల్మారా తలుపులు. అదే రోజు ఓనరుకు పంపండి, తేదీ అందులోనే ఉండిపోతుంది. డిపాజిట్‌లో కోత పెట్టేది ఎక్కువగా పెయింట్‌కు, ఏసీ క్లీనింగ్‌కు. వెళ్లిపోయేటప్పుడు దేవా కనెక్షన్ మూసి, ఇజారీ రద్దు చేసుకున్నాకే 2,000 వెనక్కి అడగండి. ఆ డబ్బు పడేదాకా బ్యాంకు ఖాతా మూయకండి. వీసా రద్దు హడావుడిలో ముందు ఖాతా మూసేసి, తర్వాత ఇండియా నుంచి ఆ రెండు వేల కోసం ఫోన్లు చేస్తూ కూర్చునేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు.